ఇంట్లో మీడియా సర్వర్: వీడియో ఆగి ఆగి వస్తుంటే తప్పు ఎక్కడ వెతకాలి?

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. పెళ్లి వీడియో పెట్టారు. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయి, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. ‘నెట్ స్లోగా ఉన్నట్టుంది’ అన్నారు ఎవరో. మర్నాడు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300 ఎంబీపీఎస్‌కు మార్చుకున్నారు. వచ్చే ఆదివారం వీడియో మళ్లీ అక్కడే ఆగింది.

ఆగక ఏం చేస్తుంది? ఆ వీడియో ఇంటర్నెట్ నుంచి రావడం లేదు. పక్క గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఫైలు, ఇంట్లోని రౌటర్ మీదుగా టీవీకి వస్తోంది. బయటి కనెక్షన్ వేగం ఎంత పెంచినా ఆ దారిలో ఏ మార్పూ ఉండదు.

పాత డీవీడీలు, బ్లూరేలు, పెళ్లి వీడియోలు, పిల్లల చిన్ననాటి రికార్డింగులు అన్నీ ఒకచోట పెట్టుకుని, ఇంట్లోని ఏ తెర మీదైనా చూసుకునే ఏర్పాటు ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. ప్లెక్స్, జెల్లీఫిన్, ఎంబీ, కోడి వంటి సాఫ్ట్‌వేర్‌లు దీన్ని తేలిక చేశాయి. అయితే వీడియో తడబడినప్పుడు తప్పు ఎక్కడుందో తెలియక కొత్త రౌటర్, కొత్త టీవీ, కొత్త కంప్యూటర్ అంటూ వరసగా కొనేవారు తక్కువేమీ కాదు. నిజానికి కారణాన్ని పట్టుకోవడానికి చాలాసార్లు ఒక అరగంట, ఒక కేబుల్, ఒక పెన్‌డ్రైవ్ చాలు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నదే ముఖ్యం.

నాలుగు మజిలీల ప్రయాణం

వీడియో టీవీ తెర మీదికి రావాలంటే నాలుగు మజిలీలు దాటాలి. ఒకటి, ఫైలు ఉన్న డిస్క్. రెండు, ఆ ఫైలును చదివి పంపే సర్వర్. అవసరమైతే ఇదే ఫైలును మరో రూపంలోకి మారుస్తుంది. మూడు, రౌటర్, కేబుళ్లు, వైఫై కలిసిన ఇంటి నెట్‌వర్క్. నాలుగు, ఆ డేటాను బొమ్మగా మార్చి చూపే టీవీ లేదా టీవీకి తగిలించిన స్టిక్, సెట్‌టాప్ బాక్స్.

కాలువ చివరి పొలానికి నీరు అందడం లేదంటే తూముల దగ్గర గేటు ఎత్తితే సరిపోదు. కాలువ గట్టు వెంట నడిచి పూడిక ఎక్కడుందో చూడాలి. ఇక్కడా అంతే. నాలుగింటిలో ఏ ఒక్కటి వెనకబడినా తెర మీద కనిపించే ఫలితం దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి మూలం తెలియకుండా మందు వేయకూడదు.

ముందు లక్షణం గమనించండి

‘ఆగుతోంది’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో చాలా రకాలు ఉన్నాయి. రకాన్ని బట్టి అనుమానం మారుతుంది.

- చక్రం తిరుగుతూ పూర్తిగా ఆగి, కాసేపటికి మళ్లీ మొదలవుతుంటే: డేటా వేళకు అందడం లేదు. నెట్‌వర్క్, లేదా ట్రాన్స్‌కోడింగ్ చేయలేక వెనకబడ్డ సర్వర్ కారణం.
- చక్రం రాదు, మాట సాఫీగా వస్తుంది, బొమ్మ మాత్రం ఎగిరెగిరి పడుతుంటే: డేటా అందుతోంది, టీవీలోని చిప్ దాన్ని విప్పలేకపోతోంది.
- కెమెరా పక్కకు తిరిగే సన్నివేశాల్లో మాత్రమే సన్నటి కుదుపు కనిపిస్తుంటే: టీవీ రిఫ్రెష్ రేటుకూ వీడియో ఫ్రేము రేటుకూ పొత్తు కుదరలేదు.
- మొదట్లోనే పది సెకన్లపాటు ఆగి, తర్వాత ఏ ఇబ్బందీ లేకపోతే: హార్డ్‌డిస్క్ నిద్ర లేవడానికి పట్టిన సమయం.
- ఇరవై నిమిషాలు బాగా నడిచి, ఆ తర్వాత తడబడుతుంటే: సర్వర్ గానీ స్ట్రీమింగ్ స్టిక్ గానీ వేడెక్కి వేగం తగ్గించుకుంటోంది. తలుపులు మూసిన టీవీ షోకేసులో పెట్టిన మినీ పీసీలకు వేసవిలో ఇది మామూలే.
- సబ్‌టైటిల్స్ పెట్టగానే ఆగుతుంటే: ఇది దాదాపు కచ్చితంగా ట్రాన్స్‌కోడింగ్ సమస్య.

పైసా ఖర్చు లేని అయిదు పరీక్షలు

పరీక్షకు ఒకే ఫైలు, అందులో కచ్చితంగా ఆగే ఒకే సన్నివేశం ఎంచుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటిది: అదే సర్వర్ నుంచి పాత డీవీడీ నాణ్యత ఉన్న చిన్న ఫైలు పెట్టి చూడండి. అదీ ఆగితే నెట్‌వర్క్‌లోనో డిస్క్‌లోనో పెద్ద లోపమే ఉంది. చిన్నది నడిచి పెద్దది ఆగితే సామర్థ్యం చాలడం లేదని అర్థం.

రెండోది: ఆగిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టండి. అక్కడ కూడా ఎగిరిపడితే సర్వర్‌ది, రౌటర్‌ది తప్పు కాదు. ఫైలుకూ టీవీకీ పడటం లేదు.

మూడోది: ఒక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, సర్వర్‌లోని ఆ ఫైలును షేర్డ్ ఫోల్డర్ ద్వారా వీఎల్‌సీలో తెరవండి. సాఫీగా నడిస్తే డిస్క్, కేబుల్ దారి బాగున్నట్టే. మిగిలినవి వైఫై, ట్రాన్స్‌కోడింగ్, టీవీ.

నాలుగోది: వీడియో నడుస్తుండగా సర్వర్ డ్యాష్‌బోర్డ్ తెరవండి. డైరెక్ట్ ప్లే అని ఉందా, ట్రాన్స్‌కోడ్ అని ఉందా చూడండి. అయిదు పరీక్షల్లో ఎక్కువ విషయం చెప్పేది ఇదే.

అయిదోది: ఐపెర్ఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోని రెండు పరికరాల మధ్య నిజమైన వేగం కొలవండి. ఫోన్‌లోని స్పీడ్ టెస్ట్ యాప్ బయటి ఇంటర్నెట్ వేగాన్ని కొలుస్తుంది. అది ఇక్కడ పనికిరాదు.

అసలు దోషి తరచూ ట్రాన్స్‌కోడింగే

ఫైలు ఉన్నది ఉన్నట్టుగా టీవీ చదవగలిగితే సర్వర్ దాన్ని కేవలం పంపుతుంది. దీన్నే డైరెక్ట్ ప్లే అంటారు. దీనికి చిన్న కంప్యూటర్ కూడా చాలు. టీవీ చదవలేని రూపంలో ఉంటే సర్వర్ అప్పటికప్పుడు వీడియోను విప్పి, మరో రూపంలో మళ్లీ కట్టి పంపాలి. అదే ట్రాన్స్‌కోడింగ్. 4కె వీడియోకు ఇది చాలా బరువైన పని.

లెక్క చూడండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. సర్వర్ సెకనుకు 18 ఫ్రేములే తయారు చేయగలిగితే, ఒక నిమిషం వీడియో సిద్ధం కావడానికి 80 సెకన్లు పడుతుంది. ముందుగా నిల్వ చేసుకున్న డేటా అయిపోగానే వీడియో ఆగక తప్పదు. డ్యాష్‌బోర్డ్‌లో ఈ వేగం కనిపిస్తుంది. అది వీడియో అసలు వేగం కంటే తక్కువగా ఉంటే రౌటర్ ఎంత మంచిదైనా లాభం లేదు.

ట్రాన్స్‌కోడింగ్ ఎందుకు మొదలైందో జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్ కారణంతో సహా చూపిస్తుంది. సాధారణంగా ఎదురయ్యే కారణాలు ఇవి.

వీడియో కోడెక్: పాత టీవీలు, పాత స్టిక్‌లు హెచ్.264 వరకే చదువుతాయి. హెచ్.265, ఏవీ1 ఫైళ్లను చదవలేవు.

సబ్‌టైటిల్స్: ఎస్‌ఆర్‌టీ ఫైళ్లలో ఉండేది అక్షరాలే కాబట్టి చాలా యాప్‌లు వాటిని నేరుగా చూపగలవు. బ్లూరేలలోని పీజీఎస్, డీవీడీలలోని వోబ్‌సబ్ సబ్‌టైటిల్స్ మాత్రం బొమ్మలు. వాటిని చూపలేని యాప్ అడిగితే సర్వర్ ప్రతి ఫ్రేము మీదా ఆ బొమ్మను అద్ది, వీడియో మొత్తాన్ని మళ్లీ కట్టాలి. అంతవరకు చక్కగా నడిచిన సినిమా సబ్‌టైటిల్స్ పెట్టగానే ఆగడానికి కారణం ఇదే. ఎస్‌ఆర్‌టీ ఫైలు జత చేస్తే సమస్య తీరుతుంది.

ఆడియో: శాంసంగ్ 2018 మోడళ్ల నుంచి టీవీల్లో డీటీఎస్ ఆడియోకు మద్దతు తీసేసింది. అలాంటి చోట సర్వర్ ఆడియోను మార్చాల్సి వస్తుంది. ఆడియో ఒక్కటే మార్చడం తేలిక పనే గానీ, బలహీనమైన సర్వర్‌కు అదీ భారమే.

యాప్‌లోని నాణ్యత సెట్టింగ్: అందరూ మరిచిపోయేది ఇది. యాప్‌లో నాణ్యత ‘720పి, 4 ఎంబీపీఎస్’ వంటి పరిమితి దగ్గర ఉండిపోతే, టీవీ చదవగల ఫైలును కూడా సర్వర్ కష్టపడి కుదిస్తుంది. ఇంట్లో చూసేటప్పుడు దీన్ని ‘గరిష్ఠం’ లేదా ‘ఒరిజినల్’ అని పెట్టుకోవాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరినా ఆశ్చర్యం లేదు.

బ్రౌజర్: ఎంకేవీ ఫైళ్లు, డాల్బీ, డీటీఎస్ ఆడియో చాలా బ్రౌజర్లకు పడవు. అదే కంప్యూటర్‌లో బ్రౌజర్‌కు బదులు ఆ సర్వర్ యాప్ వాడితే ట్రాన్స్‌కోడింగ్ అవసరమే రాకపోవచ్చు.

హెచ్‌డీఆర్: హెచ్‌డీఆర్ వీడియోను మామూలు తెర మీద చూపాలంటే రంగులను కూడా మార్చాలి. లేకపోతే బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మార్చాలంటే సర్వర్ మీద భారం ఇంకా పెరుగుతుంది.

ట్రాన్స్‌కోడింగ్ తప్పనిసరైతే ఆ పనిని ప్రాసెసర్ మీద వేయకుండా గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి వస్తున్న క్విక్ సింక్ ఇందుకే ఉంది. 10 బిట్ల హెచ్.265 కూడా కావాలంటే ఏడో తరం, ఆ తర్వాతి ఇంటెల్ చిప్‌లు తీసుకోవాలి. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. కొనేముందు ఇది చూసుకోవాలి. ఈ సదుపాయం జెల్లీఫిన్‌లో ఉచితం. ప్లెక్స్‌లో ప్లెక్స్ పాస్ చందా కావాలి. డాకర్ కంటైనర్‌లో సర్వర్ నడుపుతుంటే గ్రాఫిక్స్ పరికరాన్ని కంటైనర్‌కు విడిగా అందుబాటులోకి తేవాలి. ఇది మరిచిపోతే సెట్టింగ్ పెట్టినా భారం మళ్లీ ప్రాసెసర్ మీదే పడుతుంది.

రాస్ప్‌బెరీ పై వాడేవారికి ఒక హెచ్చరిక. డైరెక్ట్ ప్లేకు అది బంగారం. ట్రాన్స్‌కోడింగ్‌కు కాదు. 2023లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 5లో హార్డ్‌వేర్ ఎన్‌కోడరే లేదు. కొత్తది కదా అని 4 నుంచి 5కు మారితే ఈ సమస్య తీరదు.

నెట్‌వర్క్: ముందు లెక్క, తర్వాత రౌటర్

ఒక ఫైలుకు ఎంత వేగం కావాలో తెలుసుకోవడం తేలిక. ఫైలు పరిమాణాన్ని జీబీల్లో తీసుకుని 8,000తో గుణించి, నిడివిని సెకన్లలో పెట్టి భాగించండి. వచ్చేది సగటు ఎంబీపీఎస్. రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. ఫైలు 45 జీబీ ఉంటే సగటు 40 ఎంబీపీఎస్. అదే సినిమా 9 జీబీ ఉంటే 8 ఎంబీపీఎస్ చాలు.

అయితే ఇది సగటు మాత్రమే. వర్షం, మంటలు, జనసమూహం ఉన్న సన్నివేశాల్లో అవసరం సగటుకు రెండు మూడు రెట్లు ఉండొచ్చు. ఎప్పుడూ అదే పోరాట దృశ్యం దగ్గర ఆగుతోందంటే రహస్యం ఇదే. బ్లూరే డిస్క్‌లో వీడియో గరిష్ఠంగా 40 ఎంబీపీఎస్ వరకు ఉంటుంది. 4కె బ్లూరే డిస్క్ 128 ఎంబీపీఎస్ వరకు వెళ్లగలదు.

ఇక్కడ చాలామంది నమ్మని విషయం ఒకటుంది. ఎంతో ఖరీదైన టీవీల్లో కూడా కేబుల్ పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. వాస్తవంగా అందేది 95 లోపు. బ్లూరే నాణ్యతకు ఇది ధారాళం. పెద్ద 4కె ఫైళ్ల ఉధృతి దగ్గర మాత్రం చాలదు. అలాంటి టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చితే కేబుల్ కంటే మెరుగ్గా నడవొచ్చు. కేబుల్ ఎప్పుడూ మేలే అన్న సూత్రానికి ఇదొక మినహాయింపు.

కేబుల్‌లో మరో చిక్కు ఉంది. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. కనెక్టర్‌లో ఒక్క తీగ వదులైనా లింకు చప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ పోర్టు 1000 అని చూపుతోందా, 100 అని చూపుతోందా చూడండి. గోడలో పాతిన పాత కేబుళ్ల విషయంలో ఇది తప్పక చూడాలి.

వైఫై సంగతికి వస్తే, 2.4 గిగాహెర్ట్జ్ మీద వీడియో సర్వర్ నడపడం కష్టం. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు, పైఇంటివాళ్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అందరూ పంచుకునే దారి అది. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ, ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు దాటేసరికి నీరసిస్తుంది. మన ఇళ్లలో రౌటర్‌ను ఫైబర్ లోపలికి వచ్చిన చోటే, గుమ్మం పైనో అల్మారాలోనో బిగించి వెళతారు. టీవీ ఉన్న హాల్లోకి, ఎత్తైన చోటికి దాన్ని మార్చడమే కొన్నిసార్లు సరైన చికిత్స.

సర్వర్, టీవీ రెండూ ఒకే వైఫై మీద ఉంటే ప్రతి డేటా ముక్కా రెండుసార్లు గాల్లో ప్రయాణించాలి: సర్వర్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి మరోసారి. అందుబాటులోని వేగం దాదాపు సగమవుతుంది. టీవీకి కేబుల్ లాగడం కుదరకపోయినా సర్వర్‌ను రౌటర్ పక్కన పెట్టి కేబుల్‌తో కలిపేయండి. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇది. చవకైన వైఫై రిపీటర్లు కూడా ఇదే కారణంతో వేగాన్ని కోస్తాయి.

ఇక రెండు రౌటర్ల ఇళ్లు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పెట్టె ఒకటి, దాని వెనక మనం కొన్నది మరొకటి. రెండింట్లోనూ వైఫై ఉంటుంది. సర్వర్ ఒకదానికి, టీవీ మరోదానికి తగులుకుంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల్లో ఉన్నట్టే. పక్క గదిలోని టీవీని సర్వర్ బయటి మనిషిగా లెక్కేసి, బయటివారికి పెట్టిన తక్కువ నాణ్యత పరిమితినే వర్తింపజేయవచ్చు. డ్యాష్‌బోర్డ్‌లో ఇంట్లోని టీవీ పక్కన ‘రిమోట్’ అని కనిపిస్తే ఇదే జరుగుతోంది. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చితే సరిపోతుంది.

డిస్క్: నేరం తక్కువ, నింద ఎక్కువ

హార్డ్‌డిస్క్ నెమ్మది అని ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ఆలోచించండి. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లు చదువుతుంది. అంటే 800 ఎంబీపీఎస్. ఒక్క సినిమాకు ఇది కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

డిస్క్‌ను అనుమానించాల్సిన సందర్భాలు వేరు. చెడిపోతున్న డిస్క్ ఒకే చోటును పదేపదే చదవడానికి ప్రయత్నిస్తూ ఆగుతుంది. అదే ఫైలు, అదే నిమిషం దగ్గర అన్ని పరికరాల్లోనూ ఆగితే వెంటనే స్మార్ట్ నివేదిక చూసి, ముందు డేటా కాపీ తీసుకోండి. విద్యుత్ కోతలో హఠాత్తుగా ఆగిన డిస్క్‌లలో ఫైలు వ్యవస్థ దెబ్బతినవచ్చు. రౌటర్, టీవీ ఇన్వర్టర్ మీద ఉండి సర్వర్ మాత్రం నేరుగా కరెంటు మీద ఉన్న ఇళ్లలో ఈ ముప్పు ఎక్కువ. రాస్ప్‌బెరీ పైకి తగిలించిన పోర్టబుల్ డిస్క్‌కు చాలినంత కరెంటు అందకపోయినా ఆటంకం వస్తుంది. తెర మీద మెరుపు గుర్తు కనిపించడం దాని ఆనవాలు.

సర్వర్ తన సొంత పనులు చేసుకునే వేళలు కూడా చూడండి. కొత్త ఫైళ్లను వెతకడం, దృశ్యాల చిన్న బొమ్మలు తయారు చేయడం వంటివి డిస్క్‌నూ ప్రాసెసర్‌నూ ఒకేసారి పిండేస్తాయి. ట్రాన్స్‌కోడింగ్ తాత్కాలిక ఫోల్డర్ నిండిపోయినా, నెమ్మదైన మెమరీ కార్డు మీద ఉన్నా వీడియో ఆగుతుంది.

టీవీ దగ్గర: ఆగడం వేరు, కుదుపు వేరు

సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. చాలా టీవీ పెట్టెలు 60 హెర్ట్జ్ మీద నడుస్తాయి. 60ని 24తో భాగిస్తే శేషం లేకుండా పోదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపుతూ సర్దుకుంటాయి. కెమెరా మెల్లగా పక్కకు జరిగినప్పుడు కుదుపుగా కనిపించేది ఇదే. మన టీవీ ప్రసారాలు, పాత డీవీడీలు, పెళ్లి వీడియోలు చాలావరకు 25 లేదా 50 ఫ్రేములవి. 60 హెర్ట్జ్ మీద అవి కూడా సరిగ్గా పొసగవు.

పరికరం సెట్టింగుల్లో ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ అనే అంశాన్ని, కోడిలో అయితే రిఫ్రెష్ రేటును వీడియోకు అనుగుణంగా మార్చే అంశాన్ని ఆన్ చేస్తే ఇది తీరుతుంది. దాదాపు 40 సెకన్లకోసారి మాత్రమే చిన్న కుదుపు వస్తుంటే, వీడియో 23.976 ఫ్రేములది, తెర కచ్చితంగా 24 మీద ఉందని అర్థం. ఈ తేడాకు ఎంత గొప్ప రౌటర్ కొన్నా ఉపయోగం ఉండదు.

పెళ్లి వీడియోల ప్రత్యేక చిక్కు

సినిమాలన్నీ బాగా నడుస్తూ ఇంటి పెళ్లి వీడియో మాత్రం మొరాయించే సందర్భాలు ఎక్కువ. దీనికి కారణం ఉంది. సినిమా డిస్క్‌లను టీవీలు చదవగలిగే ప్రమాణాలతో తయారు చేస్తారు. వీడియోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేది ఒక్కోసారి ఎడిటింగ్ కోసం ఉద్దేశించిన రూపం. 4కె కెమెరాల్లో 100 ఎంబీపీఎస్ రికార్డింగ్ మామూలు. కొన్ని 10 బిట్ల 4:2:2 హెచ్.264లో ఉంటాయి. టీవీల చిప్‌లు తయారైంది 8 బిట్ల 4:2:0 హెచ్.264 కోసం. వాటికి ఇది కొరుకుడు పడదు. సర్వర్‌లోని చాలా గ్రాఫిక్స్ చిప్‌లకూ పడదు. ఫోన్‌తో తీసిన వీడియోల్లో ఫ్రేము రేటు నిలకడగా ఉండకపోవడం మరో చిక్కు.

ఇలాంటి ఫైళ్లను చూసే ప్రతిసారీ సర్వర్‌ను హింసించడం కంటే ఒక్కసారి మార్చి పెట్టుకోవడం మేలు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 1080పి, 8 బిట్ల హెచ్.264, స్థిరమైన ఫ్రేము రేటు ఎంచుకుని రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి ఏ టీవీలోనైనా ఆడే ప్రతి తయారవుతుంది. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ చెరపకండి. దాన్ని వేరే డిస్క్‌లో భద్రపరచండి. సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది, తాతగారు ఆశీర్వదించిన క్షణం దొరకదు. మీడియా సర్వర్ చూసుకోవడానికే. అది బ్యాకప్ కాదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు చూస్తుంటే

విజయవాడలోని ఇంటి సర్వర్‌ను డాలస్‌లోని కూతురు చూస్తోందంటే అప్పుడు మాత్రం ఇంటర్నెట్ లెక్కలోకి వస్తుంది. అక్కడ చూడాల్సింది ఇంటి కనెక్షన్ డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం.

తర్వాతి అడ్డంకి చిరునామా. మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత ఐపీవీ4 చిరునామా ఉండదు. ఒకే చిరునామాను అనేక ఇళ్లు పంచుకుంటాయి. రౌటర్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే మీది అలాంటిదే. అప్పుడు పోర్టు ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. నేరుగా దారి దొరక్కపోతే ప్లెక్స్ తన రిలే ద్వారా పంపుతుంది. దాని పరిమితి ఉచిత ఖాతాలకు 1 ఎంబీపీఎస్, చందాదారులకు 2 ఎంబీపీఎస్. బొమ్మ మసకగా రావడానికి కారణం అదే. పైగా 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయట చూడటాన్ని ప్లెక్స్ చెల్లింపు సదుపాయంగా మార్చింది. ఐపీవీ6 వాడటం, సంస్థను అడిగి స్థిర చిరునామా తీసుకోవడం, టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ పెట్టుకోవడం ఇందుకు మార్గాలు. సర్వర్‌ను పాస్‌వర్డ్ లేకుండా బయటికి తెరిచిపెట్టడం మాత్రం మార్గం కాదు.

సమయం తేడా కూడా దెబ్బతీస్తుంది. ప్లెక్స్ నిర్వహణ పనులు మొదట పెట్టి ఉన్న ప్రకారం తెల్లవారుజామున 2 నుంచి 5 వరకు నడుస్తాయి. కంటైనర్‌లో టైమ్‌జోన్ భారతదేశానికి మార్చకపోతే అది మనకు ఉదయం 7.30 నుంచి 10.30 అవుతుంది. వేసవిలో డాలస్‌లో అప్పుడు రాత్రి 9 నుంచి 12. అంటే పని ముగించుకుని అక్కడివారు చూడటానికి కూర్చునే సమయమే సర్వర్ బాగా అలిసిపోయే సమయం. ఒక్క సెట్టింగ్‌తో ఇది సరిపోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

ఈ క్రమం గుర్తుంటే చాలు. ముందు యాప్‌లో నాణ్యతను గరిష్ఠానికి మార్చండి. డ్యాష్‌బోర్డ్‌లో డైరెక్ట్ ప్లే వస్తోందో లేదో చూడండి. సబ్‌టైటిల్స్ తీసి చూడండి. సర్వర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. పోర్టు వేగం చూడండి. ఇవన్నీ చేసినా ఆగుతుంటే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి.

కొనాల్సి వచ్చినా వరస ఉంది. మొదట మంచి కేబుల్. తర్వాత, ఎక్కువ కోడెక్‌లు చదవగల స్ట్రీమింగ్ బాక్స్. టీవీ చదవలేని ఫైళ్లను ఇది చదివితే సర్వర్‌కు ట్రాన్స్‌కోడింగ్ పనే తప్పుతుంది. ఆ తర్వాతే క్విక్ సింక్ ఉన్న మినీ పీసీ. ఇంట్లో చూసే వీడియో కోసం ఇంటర్నెట్ ప్లాన్ పెంచడం ఈ జాబితాలో ఎక్కడా లేదు.